వార్తల రీలు చివర దాచిన ముక్క

సినిమా హాలు పనిలోనే నా వయసంతా గడిచింది. పుంగనూరులో ఆపరేటర్‌గా చేరాను, మధ్యలో కుప్పంలో కొద్ది రోజులు చేశాను, మదనపల్లెలో మేనేజర్‌గా దిగిపోయాను. ఇప్పుడు ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని ఒకే మాట అంటారు: "మీ రోజుల్లో అన్నీ మంచి సినిమాలే సార్." వాళ్ల ఉద్దేశం నన్ను గౌరవించడమే, కాదనను. కానీ ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. భోజనం కూడా సయించదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ చేతికి ఇప్పుడు రీలు రాదు, పెట్టె రాదు, బ్లేడు పట్టే పని లేదు. మీట నొక్కితే బొమ్మ పడుతుంది. కాబట్టి కోతలన్నీ పెద్ద ఆఫీసుల్లో పెద్దవాళ్లు చూసుకుంటారు, మనకేం సంబంధం అని మీరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం. నా జీతం ఎప్పుడు పెరిగింది, లైసెన్సు పరీక్ష ఎలా రాశాను అన్నవి మీకు పనికిరావు, వదిలేస్తున్నాను.

ఊరికో కత్తెర

ఆట మొదలవగానే తెర మీద సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది. దాని మీద త్రికోణం గుర్తుంటే కొంత భాగం కోసేశారని అర్థం. మద్రాసులో ఆ కోతలు పూర్తయి, పెద్ద ఊళ్లలో ఆడి, గీతలు పడ్డాక ప్రింటు మా దగ్గరికి వచ్చేది. ముందు మదనపల్లె, తర్వాత పుంగనూరు, చివరికి కుప్పం. బస్సు మీద ప్రింటు పెట్టె వేసుకుని పంపిణీదారు మనిషి, రెప్రజెంటేటివ్ అనేవాళ్లం, వెంట వచ్చేవాడు.

మద్రాసు కత్తెర గురించి అందరికీ తెలుసు. ఊరి కత్తెర గురించి ఎవరూ రాయలేదు. మదనపల్లెలో ఒక పెద్దమనిషికి నచ్చనిది ఒకటి పోయేది, పుంగనూరులో ఇంకొకరికి నచ్చనిది ఇంకొకటి పోయేది. పెట్టె కుప్పం చేరేసరికి హీరోకు కోపం ఎందుకొచ్చిందో చూసేవాళ్లకు తెలిసేది కాదు. కొట్టడం మాత్రం పూర్తిగా ఉండేది.

పుంగనూరులో నేను చేరిన కొత్తలో ఒక బొమ్మ వచ్చింది. అందులో భూస్వామి కూలివాణ్ని కొరడాతో కొడుతుంటే, ఒక దెబ్బ దగ్గర కూలివాడు ఆ చెయ్యి పట్టుకుంటాడు. అంతే, తిరిగి కొట్టడు కూడా. మొదటి ఆట చూసిన మా ఊరి భూస్వామి ఒకాయన మా ఆఫీసు గదికి వచ్చి, కాఫీ తాగి, చాలా మర్యాదగా చెప్పాడు. "ఆ చెయ్యి పట్టుకునేది తీసేయండప్పా. ఊర్లో బాగుండదు." మా మేనేజర్ నా వైపు చూశాడు. నా చేత్తోనే కోయించారు. కొరడా దెబ్బలన్నీ ఉంచారు, చెయ్యి పట్టుకోవడం ఒక్కటి పోయింది. అదే బొమ్మలో విలన్ ఒక ఆడమనిషిని గదిలో పెట్టి తలుపు వేసే సీను చాలాసేపు ఉంది. దాన్ని తీసేయమని ఎవరూ కాఫీ తాగి చెప్పలేదు.

ఆ చెయ్యి పట్టుకునే సీను గురించి విని తంబళ్లపల్లె వైపు నుంచి కూలీలు బస్సెక్కి వచ్చారు. ఆట అయ్యాక ఒకాయన మెట్ల దగ్గర నిలబడి, "అది యాడప్పా?" అని అడిగాడు. ప్రింటు పాతదని చెప్పాం.

మీరు సెన్సారుకు అనుకూలమా, వ్యతిరేకమా అని నన్ను అడిగేవాళ్లున్నారు. నేను అడిగేది ఒకటే: కోసేటప్పుడు ఎవరి గురించి ఆలోచించారు? ఆ ప్రశ్నకు సమాధానం నాకు సుగుణమ్మ దగ్గర దొరికింది.

కొండ మీద జరిగింది

నేను మదనపల్లె హాల్లో మేనేజర్‌గా ఉండగా, ఒక భయం సినిమా ఆడుతున్నప్పుడు సుగుణమ్మ మొదటిసారి నా గదికి వచ్చింది. కురబలకోట దగ్గర గొర్రెలు కాచుకునే కుటుంబం వాళ్లది, పెళ్లయిన కొన్నేళ్లకే భర్త పోయాడు. మదనపల్లెలో ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేస్తోంది. చిన్న పిల్లలకు తల దువ్వడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం ఆమె పని. గుమ్మం దగ్గరే నిలబడి అడిగింది.

"ఈ బొమ్మలో తొట్టిలో ముంచేది ఉండాదాప్పా?"

లేదమ్మా, సెన్సార్ వాళ్లు తీసేశారు అన్నాను. ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మంచినీళ్లు ఇచ్చాక మొత్తం చెప్పింది.

ఆ సినిమా హార్స్‌లీ కొండ మీద తీశారు. కొండ బంగళాలో ఒకడు ఆడవాళ్లను చంపుతూ ఉండే కథ. హాస్టల్లో చేరకముందు సుగుణమ్మ షూటింగ్ వాళ్లకు వంట దగ్గర సాయానికి పోయింది. హీరోయిన్ నీళ్ల సీను చేయనంది. ఎత్తు సరిపోయిందని సుగుణమ్మకు హీరోయిన్ చీర కట్టారు. ఒకసారి ముంచి లేపుతాం, ఊపిరాడకపోతే చెయ్యెత్తు, ఆపేస్తాం అన్నారు. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి తొట్టిలో ముంచారు. ఆమె చెయ్యెత్తింది. మళ్లీ ఎత్తింది. బాగా వస్తోంది, ఆపొద్దు అని ఎవరో కేక వేయడం నీళ్లలోనే వినిపించిందట. చివరికి తల లేపినప్పుడు ఆమె అరిచిన అరుపుకు అక్కడున్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

హీరోయిన్ మొహం తర్వాత తీసి కలుపుతామన్నారు కానీ, అసలు ముక్కలో కనిపించేది సుగుణమ్మ మొహమే. ఆ ముక్క మరీ క్రూరంగా ఉందని సెన్సార్ తీసేసింది.

"సర్కారోళ్లు సూసి వొద్దన్నారంటే, నాకు జరిగింది తప్పని వాళ్లకు తెలిసినట్టే గదాప్పా" అంది సుగుణమ్మ. సెన్సార్ బోర్డుకు మనసారా దండం పెట్టిన మనిషిని నా సర్వీసులో ఆమెనొక్కదాన్నే చూశాను.

వాళ్లకు ఏమీ తెలియలేదమ్మా అని ఎలా చెప్పను? క్రూరత్వాన్ని వాళ్లు ఫిల్ము అడుగుల్లో కొలిచారు. ఇన్ని అడుగులు తీసేయండి అని రాసి పారేశారు. ఈ అరుస్తున్న మనిషి ఎవరు, ఇది నటనేనా అని ఒక్కరు కూడా అడగలేదు. చూసేవాళ్ల మనసు పాడవుతుందని బెంగపడ్డారే గాని, తొట్టిలో ఉన్న మనిషి గురించి ఎవరికీ పట్టలేదు.

చుట్టం

తర్వాత కొన్నాళ్లకు కుప్పంలో ఆపరేటర్‌కు కామెర్లు వస్తే, పాత లైసెన్సు ఉందని నన్ను పంపారు. పుంగనూరుతో కలిపి మూడు హాళ్లకూ యజమాని ఒకరే, పట్టు వ్యాపారం చేసే మనిషి. అక్కడా అదే బొమ్మ ఆడుతోంది. హాలు బయట తమిళం, కన్నడం, తెలుగు కలిసి వినబడుతున్నాయి. ఈ పాత బొమ్మకు ఇంత జనం ఎందుకా అనుకున్నాను. రీలు తిరుగుతుండగా అర్థమైంది. సెన్సార్ తీసేసిన ముక్క అందులో ఉంది. మద్రాసులో ఎవరో చెత్తలోంచి తీసి, చేతులు మార్చి, మా రెప్రజెంటేటివ్ దాకా తెచ్చారు.

ఇలాంటి ముక్కను మా వాళ్లు ముద్దుగా చుట్టం అనేవాళ్లు. తనిఖీ వాళ్లకు దొరక్కుండా దాన్ని దాచే పద్ధతి ఒకటుంది. ప్రతి ఆటకూ ముందు ప్రభుత్వ వార్తల రీలు వేయాలని రూలు. ఆ రీలును జనమూ చూడరు, తనిఖీ వాళ్లూ విప్పరు. అందుకే ఆటలయ్యాక చుట్టాన్ని వార్తల రీలు చివర చుట్టి, ఆ డబ్బాకు ఎర్రదారం కట్టేవాళ్లు. ఎర్రదారం ఉందంటే చుట్టం లోపల ఉన్నట్టు, ఆ రీలు వేసే ముందు చివర కోసి తీయాలన్నట్టు. సర్కారు రీలులోనే సర్కారు వద్దన్న ముక్కను దాచామని చెప్పుకుని నవ్వుకునేవాళ్లు.

నేను యజమాని దగ్గరికి పోయి, ఆ తొట్టిలో ఉన్నది ఎవరో, ఏం జరిగిందో చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. మనం చూపించకపోతే ఇంకొకరు చూపిస్తారు, అయినా అది యాక్టింగే గదప్పా అన్నాడు. నేను ఆ రీలు ఎక్కించనన్నాను. ఆ సాయంత్రమే నన్ను మదనపల్లె బస్సెక్కించి, రీలు ఇంకొకరితో వేయించాడు. బస్సులో నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను. నేను లేకపోతే బొమ్మ ఆగిందా? ఒక్క ఆట కూడా ఆగలేదు. మీరు నేర్చుకోవాల్సిందేమిటంటే, తప్పుకోవడం వేరు, ఆపడం వేరు.

పిల్లల ఆట

మదనపల్లెలో పిల్లల సినిమా ఒకటి పొద్దున ఆటగా వేయాలని ఊరి పెద్దలు అనుకున్నారు. బడుల నుంచి పిల్లలంతా వరసల్లో నడిచి వచ్చారు. హాస్టల్ ఆడపిల్లలను తీసుకుని సుగుణమ్మ కూడా వచ్చింది. ఆమె సినిమా చూడ్డానికి రావడం అదే మొదలు. పిల్లల బొమ్మే గదా అని ధైర్యం చేసింది.

అప్పటికి ఆ చుట్టం మదనపల్లె చేరింది. భయం సినిమాను ఇక్కడ మళ్లీ వేసి, ఈసారి ముక్కతో ఆడించాలని యజమాని ఆలోచన. గొడవ చేస్తానని నాకు చెప్పలేదు. ఆపరేటర్ బాషాకు చెప్పారు. ఎర్రదారం ఉన్న డబ్బా జాగ్రత్త అని కూడా చెప్పారు.

ఆ పొద్దున హాలు గుమ్మానికి కాగితం జెండాలు కడుతుంటే దారం చాల్లేదు. గేటు దగ్గర పనిచేసే మునస్వామి పైకి పోయి, డబ్బా మీద కట్టి ఉన్న ఎర్రదారం విప్పుకొచ్చి మిగతా జెండాలు కట్టేశాడు. అతనికి ఆ గుర్తు సంగతి తెలియదు. దారం లేని డబ్బా చూసి బాషా అందులో వార్తలే ఉన్నాయనుకుని రీలు ఎక్కించాడు.

నేను గేటు దగ్గర ఆలస్యంగా వచ్చిన పిల్లలను లోపలికి పంపుతున్నాను. వార్తల్లో ఏదో ఆనకట్ట ప్రారంభం, మంత్రిగారి ఉపన్యాసం వినబడుతోంది. దాని వెనకే ఆ అరుపు. కుప్పంలో విన్నాను కాబట్టి నాకు చూడకుండానే తెలిసింది. నేను లోపలికి పరుగెత్తేసరికి తెర మీద సుగుణమ్మ మొహం ఉంది, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. బాషా వెంటనే మూసేశాడు. లైట్లు వేశాం.

పిల్లలు ఏడుస్తున్నారు. సుగుణమ్మ వరస చివర లేచి నిలబడి ఉంది. పక్కనున్న చిన్నపిల్ల ఆమె కొంగు పట్టుకుని అడిగింది.

"ఆయమ్మా, నిన్ను యాల ముంచినారు?"

ఎందుకు అని, ఆ రోజు మొత్తం మీద సరైన ప్రశ్న అడిగింది ఆ పిల్ల ఒక్కతే. మిగతా ప్రశ్నలన్నీ పెద్దవాళ్లు అడిగారు, వాటి గురించి రాయడానికే నాకు సిగ్గుగా ఉంది.

పెద్దమనుషుల పరీక్ష

మధ్యాహ్నం ఖాళీ హాల్లో పంచాయితీ పెట్టారు. యజమాని, హాస్టల్ నడిపే పెద్దాయన, సబ్ ఇన్‌స్పెక్టర్, సభల్లో సంస్కృతి గురించి మాట్లాడే ఒక వకీలు. సుగుణమ్మను నిలబెట్టారు. ముక్క ఎవరు తెచ్చారని ఎవరూ అడగలేదు. ఇట్లాంటి సినిమాలో వేషం వేసిన సంగతి పనిలో చేరేటప్పుడు ఎందుకు దాచావని హాస్టల్ పెద్దాయన అడిగాడు.

"నేను వేషం వేయలేదు సార్" అంది సుగుణమ్మ. "సచ్చిపోతాండానని అరిసినా. వాళ్లు దాన్ని సినిమాలో పెట్టుకున్యారు."

వకీలు గొంతు సవరించుకున్నాడు. చూడకుండా ఏ అభిప్రాయానికీ రాలేమన్నాడు. అందరూ అవునన్నారు. ఆమెను బయట వరండాలో బల్ల మీద కూర్చోమన్నారు. తలుపు దగ్గరికి వేశారు. ఫ్యాన్లు వేయించుకున్నారు. బాషా ముక్కను వేశాడు.

హాలు తలుపులు అరుపును ఆపవు. నేను వరండాలోనే ఉన్నాను. ఆమె ఆ బల్ల మీద కూర్చుని తన అరుపు తానే వింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

ముక్క అయిపోయింది. ఇక బయటికొస్తారనుకున్నాను. లోపలి నుంచి వకీలు గొంతు వినిపించింది. "మొహం సరిగా తెలియలేదు, ఇంకోసారి వేయమనండి." ఇంకోసారి వేయించారు. సబ్ ఇన్‌స్పెక్టర్ ఏదో అన్నాడు, ఎవరో నవ్వారు. మళ్లీ మొదటి నుంచి అన్నారు.

నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. జనం పాడైపోతారని భయపడేవాళ్లు తామెప్పుడూ పాడవరు! పిల్లలు ఒకసారి చూసి ఏడ్చిన దాన్ని వీళ్లు ఫ్యాను కింద కూర్చుని మళ్లీ మళ్లీ చూశారు. టికెట్టు కొని ఈల వేసేవాడికి, తీర్పు చెప్పడానికని చూసేవాడికి నాకు పెద్ద తేడా కనబడలేదు. ఈల వేసేవాడు కనీసం ఎందుకొచ్చాడో దాచుకోడు.

నేను పైకి పోయాను. బాషా రీలు వెనక్కి చుడుతున్నాడు, అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. పక్కకు జరిగాడు. నేను ముక్క తీసి జేబులో పెట్టుకుని, వెనక మెట్లు దిగి, వరండాలో సుగుణమ్మ చేతిలో పెట్టాను. ఇంటికి పొమ్మన్నాను. ఆమె కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

లోపలికి వెళ్లి, ముక్క ఇక లేదని చెప్పాను. సబ్ ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "అది సాక్ష్యమప్పా. పోగొడితే నీ మీద కేసు రాస్తా."

"ఎవరి మీద కేసుకు సాక్ష్యమో చెప్పండి సార్, వెళ్లి తెస్తాను" అన్నాను.

ఆయన యజమాని వైపు చూశాడు. యజమాని తెర వైపు చూశాడు. కేసు ఎవరి మీదా పడలేదు. హాస్టల్ పెద్దాయన మాత్రం, పిల్లల మనసులు తేరుకునేదాకా ఆమె రానవసరం లేదన్నాడు. ఆ పిల్లలు రోజూ ఆయమ్మ ఎక్కడని అడిగారట. వాళ్ల మనసులు తేరుకోవడానికి ఆమెనే పిలవాలని ఆయనకు తోచలేదు. నన్ను కొన్నాళ్లు పుంగనూరు పంపారు, మేనేజర్ దొరక్క మళ్లీ పిలిచారు.

సోడా నీళ్లు

పుంగనూరు పోయే ముందు సుగుణమ్మను చూడ్డానికి వెళ్లాను. పెరట్లో పెద్ద గిన్నెలో వేడినీళ్లు, బట్టల సోడా వేసి ఆ ముక్కను నానబెట్టింది. పాత రీళ్లు కొనేవాళ్లు వెండి కోసం అలా కడుగుతారని ఆమెకు ఎవరో చెప్పారు. కొబ్బరి పీచుతో ఒక్కో బొమ్మనూ రుద్దింది. నీళ్లు నల్లబడ్డాయి. పారబోసి, మళ్లీ పోసి, మళ్లీ రుద్దింది. నేను సాయం చేయబోతే వద్దంది.

చివరికి ఫిల్ము గాజులాగా తెల్లగా తేలింది. ఆమె దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని నాకు చూపించింది.

"సూడప్పా. దీంట్లో ఎవురన్నా ఉండారా?"

నేను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. "ఎవరూ లేరమ్మా" అన్నాను. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలో కాస్త తెరిపి కనిపించింది. ఆ ఫిల్మును నాలుగు ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది.

తర్వాత ఆమె అన్నగారింట్లో ఉంటూ, మదనపల్లె టమోటా మార్కెట్‌లో కాయలు ఏరే పనికి వచ్చేది. నేను మార్కెట్‌కు పోయినప్పుడల్లా పలకరించేవాణ్ని. చాలా ఏళ్లు సినిమా మాట మా మధ్య రాలేదు.

ఎనభైల్లో వీడియోలు వచ్చాయి. నా పాత స్నేహితుడికి ఒంట్లో బాగాలేదంటే కుప్పం వెళ్లాను. బస్టాండు పక్కన రేకుల షెడ్డు, గుమ్మానికి నల్ల పరదా. పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు: సెన్సార్ తీసేసిన సీన్లతో పూర్తి బొమ్మ. నేను టీ తాగుతున్నాను. షెడ్డులోంచి ఆ అరుపు వచ్చింది. వెంటనే ఈలలు.

పరదా ఎత్తి చూడలేదు, చూడాల్సిన పని లేదు. మద్రాసు చెత్తలోంచి తీసిన ముక్క ఒకటే అని నేనెందుకు అనుకున్నానో తెలియదు. ఎన్ని ప్రింట్లకు ఎన్ని ముక్కలు తీశారో, ఎవరెవరు దాచుకున్నారో! వద్దని కోసినవాళ్లే దానికి ఒక పేరు తెచ్చిపెట్టారు, ఆ పేరునే వీళ్లు బోర్డు మీద రాసుకున్నారు. షెడ్డు వాణ్ని తిట్టాను. బస్సు టైమయింది, పొమ్మన్నాడు.

మరుసటి వారం మార్కెట్‌లో సుగుణమ్మ కనిపించింది. కాయలు ఏరుతూ, తల ఎత్తకుండానే పలకరించింది. ఎక్కడికి పోయావని అడిగితే కుప్పం అన్నాను. ఆమె చెయ్యి ఒక కాయ మీద ఆగింది.

"ఆడ ఇప్పుడేం బొమ్మలు ఆడతాండాయప్పా?"

"అన్నీ మంచి సినిమాలేనమ్మా" అన్నాను.

ఆమె తల ఊపి, ఆ కాయను మంచివాటి బుట్టలో వేసింది. ఆ మాట నా జన్మలో నేను అన్నది అప్పుడొక్కసారే.